గోడ దాటిన నాయిక: ఒక హాస్య ధారావాహిక ముగింపుపై పరిశీలన

"నాటకాంతం సాహిత్యం" అన్న మాట మన విద్యార్థులకు కంఠస్థమే. ఆ మాటకు పెద్దలు చెప్పే అర్థం వేరు. అయినా దానిని కొంచెం పెడదారి పట్టించి చూస్తే అందులో మరొక సత్యం కూడా కనబడుతుంది. నాటకం నడుస్తున్నంతసేపు మౌనంగా కూర్చున్న ప్రేక్షకుడు అంతం దగ్గరకు వచ్చేసరికి విమర్శకుడైపోతాడు. కథ ఎక్కడ మొదలైనదో మరచిపోయినవారు కూడా అది ఎక్కడ ముగిసినదో మరువరు. ముగింపు నచ్చకపోతే తమ సొత్తును ఎవరో అపహరించినట్లు బాధపడతారు. 2022 అక్టోబరు 13న వెలువడిన ఒక అమెరికన్ హాస్య ధారావాహిక ముగింపు విషయంలో ప్రేక్షకాభిమానుల మధ్య జరిగిన వివాదం ఇటువంటిదే. ఆ వివాదంలో నాటక శాస్త్రానికి సంబంధించిన పాత ప్రశ్నలు కొన్ని కొత్త వేషం ధరించి నిలిచినవి. అందుచేతనే ఈ వ్యాసానికి దానిని వస్తువుగా గ్రహించినాము.

ఆ ధారావాహిక పేరు "షీ-హల్క్: అటార్నీ ఎట్ లా". మార్వెల్ స్టూడియోస్ నిర్మించగా డిస్నీ ప్లస్ ద్వారా 2022 ఆగస్టు 18 నుండి తొమ్మిది భాగాలుగా ప్రసారమైనది. మన దేశంలో అప్పటి డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ దానిని అందించినది. ప్రధాన రచయిత్రి జెస్సికా గావ్. నాయిక జెన్నిఫర్ వాల్టర్స్ పాత్రను టాటియానా మస్లానీ ధరించినది. జెన్నిఫర్ లాస్ ఏంజిలిస్ నగరంలో న్యాయవాది. ఆమెకు వరుసకు అన్న అయిన బ్రూస్ బానర్ కోపం వచ్చినప్పుడు హల్క్ అనే పచ్చని మహాకాయుడుగా మారిన ప్రసిద్ధుడు. ఒక కారు ప్రమాదంలో అతని రక్తం ఆమె రక్తంలో కలియడంతో ఆమెకు కూడా ఆ రూపం సంక్రమించినది. అతడు ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించిన నిగ్రహం ఆమెకు కొద్ది రోజులలోనే పట్టుబడుతుంది. కోపాన్ని దిగమింగుకోవడం స్త్రీగా తనకు నిత్యకృత్యమేనని ఆమె అన్నగారికి చెప్పే ఘట్టం మొదటి భాగంలోనే ఉన్నది. ధారావాహిక మొత్తానికి ఆ మాటే బీజం.

ఇక వివాదానికి మూలమైన తొమ్మిదవ భాగం. దాని పేరుకు "ఈ ప్రదర్శన ఎవరిది?" అని అర్థం. అంతకు ముందు భాగం చివర జెన్నిఫర్‌కు ఘోరమైన అవమానం జరుగుతుంది. ఆమె శక్తిని సహించలేని కొందరు పురుషులు రహస్యంగా ఒక ముఠా కట్టి, ప్రేమ నటించిన ఒక యువకుని ద్వారా ఆమె రక్తాన్ని, ఆంతరంగిక దృశ్యాలను దొంగిలించి, ఒక సన్మాన సభలో ఆ దృశ్యాలను అందరి ఎదుట తెరపై వేస్తారు. ఆమె కోపంతో విరుచుకుపడగా, చెరలో పడేది ఆమెయే. ఉద్యోగం పోతుంది, పుట్టింటికి చేరుతుంది. తొమ్మిదవ భాగంలో ఆ ముఠా నాయకుడు టాడ్ దొంగిలించిన రక్తంతో తానూ హల్క్ అవుతాడు. అక్కడే బ్లాన్స్కీ అనే మరొక రాక్షసకాయుడు, టైటేనియా అనే ప్రతినాయిక, ఆకాశం నుండి ఊడిపడిన అన్నగారు, అందరూ ఒకచోట చేరి కొట్టుకొనడం మొదలుపెడతారు. ఇటువంటి చిత్రాలు చూచిన వారికి అలవాటైన తుది యుద్ధం అది.

సరిగా ఆ క్షణంలో నాయిక మనవైపు తిరిగి, ఈ గందరగోళం ఏమిటని అడుగుతుంది. అడిగి ఊరుకోదు. తెర మీద డిస్నీ ప్లస్ వారి కార్యక్రమాల పట్టిక ప్రత్యక్షమవుతుంది. నాయిక తన గడిలో నుండి బయటకు పాకి, చిత్ర నిర్మాణ విశేషాలు చూపే వేరొక కార్యక్రమపు గడిలోకి దూకుతుంది. అక్కడి నుండి స్టూడియో ఆవరణలోకి, రచయితలు కూర్చున్న గదిలోకి పోతుంది. ఈ ముగింపు ఏమిటని నిలదీస్తే, కెవిన్ కోరినది ఇదేనని వారు సమాధానం చెబుతారు. కెవిన్ ఫైగీ మార్వెల్ స్టూడియోస్ అధిపతి. ఆయనను చూడబోయిన జెన్నిఫర్ ముందుగా రహస్య పరిరక్షణ పత్రం మీద సంతకం చేయవలసి వస్తుంది. కాపలాదారులతో కలబడవలసి వస్తుంది. లోపల ఉన్నది మనిషి కాదు. కప్పు నుండి వ్రేలాడే యంత్రం. కె.ఇ.వి.ఐ.ఎన్. అనే పొడి అక్షరాలే దాని పేరు. ప్రపంచంలోని వినోద గణిత సూత్రాలలో తనదే మేటి అని అది చెప్పుకుంటుంది.

అప్పుడు జెన్నిఫర్ తన వృత్తికి తగినట్లు వాదిస్తుంది. టాడ్‌కు శక్తులు అక్కరలేదు. అన్న వచ్చి తనను రక్షించనక్కరలేదు. రక్తం దొంగతనం పాత కథల నుండి ఎరువు తెచ్చినది. తన జీవితం తలకిందులైనది గనుక అసలు సంకటం అదే, ఆకాశంలో యుద్ధం కాదు. యంత్రం అంగీకరిస్తుంది. ఆమె కథలోకి తిరిగి వచ్చేసరికి తెల్లవారి ఉంటుంది. యుద్ధం లేదు. టాడ్ మామూలు మనిషిగా పోలీసులకు చిక్కుతాడు. ఆమె కోరి రప్పించిన డేర్‌డెవిల్ అనే వీరుడు పని అంతా అయిపోయిన తరువాత పైనుండి దూకి, ఆలస్యమైనదని తెలుసుకొని తెల్లబోతాడు.

ఇదే వివాదానికి కారణమైన ముగింపు.

మా తరగతిలో సంస్కృత నాటక ప్రస్తావనను గురించి పాఠం చెబుతూ ఉండగా ఒక విద్యార్థి లేచి, సూత్రధారుడు చేసిన పనీ షీ-హల్క్ చేసిన పనీ ఒకటేనా అని అడిగినాడు. మిగిలిన గంట పాఠం సాగలేదు. మేము కూడా సాగనివ్వలేదని ఒప్పుకొనవలె. ఆ రోజు వెంటనే ఇవ్వలేకపోయిన సమాధానాన్ని ఇప్పుడు కొంత వివరంగా ఇవ్వదలచినాము.

"నాలుగవ గోడ" అనే భావన పాశ్చాత్యులది. రంగస్థలానికి మూడు వైపుల గోడలు ఉంటాయి. ప్రేక్షకుల వైపు ఉండవలసిన నాలుగవ గోడ ఊహలో మాత్రమే ఉంటుంది. రంగస్థలపు అంచున పెద్ద గోడ ఒకటి ఉన్నదనుకొని, ప్రేక్షకులు లేనట్లే నటించండని ఫ్రెంచి రచయిత దిదెరో 1758లో సలహా ఇచ్చినాడు. తరువాత 1887లో ఆంద్రే ఆంత్వాన్ పారిస్‌లో స్థాపించిన స్వేచ్ఛా నాటకశాల ఆ పద్ధతిని ఆచరణలో పెట్టి చూపినది. అనగా ఈ గోడ వయస్సు మూడు వందల సంవత్సరాలు కూడా లేదు. అంతకు పూర్వం నాటకానికి గోడే లేదు. లేని గోడను బద్దలు కొట్టవలసిన అవసరమూ లేదు. క్రీస్తుకు పూర్వం 421లో ప్రదర్శితమైన అరిస్టోఫనీస్ ప్రహసనం "శాంతి"లో నాయకుడు పేడపురుగు నెక్కి స్వర్గానికి పోతూ, తనను పైకి లాగుతున్న యంత్రం నడిపేవానిని జాగ్రత్తగా ఉండమని వేడుకుంటాడు.

మన సంప్రదాయంలో సంగతి మరింత స్పష్టం. నాంది అయిన తరువాత సూత్రధారుడు వచ్చి, ఏ నాటకం, ఎవరి రచన అన్నది సభకు చెప్పి, నటితో మాట్లాడి, కథలోకి దారి తీస్తాడు. శాకుంతలంలో నటి పాటకు మైమరచిన సూత్రధారుడు, లేడి వెంట పోయిన దుష్యంతునితో తనను పోల్చుకొని, ఆ పోలికతోనే రాజును రంగం మీదకు తీసుకొనివస్తాడు. గోడ లేదు, ఉన్నది గుమ్మం. మన కూచిపూడి భామాకలాపంలో సత్యభామను నిలదీసి ఆటపట్టించే మాధవి, బుర్రకథలో కథకుని మాటకు అడ్డు తగిలి ఊరి సంగతులు దొర్లించే హాస్యగాడు కూడా ఆ గుమ్మం దగ్గర నిలిచినవారే. కాబట్టి ఆ విద్యార్థికి మొదటి సమాధానం: పాత్ర ప్రేక్షకునితో మాట్లాడడం అన్న అంశం వరకు కొత్తదనం ఏమీ లేదు.

కాని తేడా ఉన్నది. ప్రేక్షకునితో మాట్లాడడం ఒక మెట్టు. తాను పాత్రనని తెలిసి ఉండడం రెండవ మెట్టు. తనను సృష్టించినవానిని వెదకుకొని పోయి కథ మార్చుమని అడగడం మూడవ మెట్టు. మొదటి ఎనిమిది భాగాలలో జెన్నిఫర్ మొదటి రెండు మెట్లమీదనే ఉండి, అప్పుడప్పుడు చమత్కారపు మాట విసిరి తిరిగి కథలోకి పోయేది. తొమ్మిదవ భాగంలో మూడవ మెట్టు ఎక్కినది. అభిమానుల మధ్య పెద్ద అగాధం ఏర్పడినది అక్కడనే.

సమర్థించేవారి వాదానికి మంచి ఆధారం ఉన్నది. షీ-హల్క్ చిత్రకథల పాత్రగా 1980లో పుట్టినది. స్టాన్ లీ రచన, జాన్ బుసేమా చిత్రాలు. ఆ పుట్టుక చరిత్ర వినదగినది. అప్పట్లో హల్క్ కథ టెలివిజనులో విజయవంతంగా నడుస్తున్నది. టెలివిజనువారు హల్క్‌కు స్త్రీ రూపాన్ని తామే సృష్టించుకొంటే ఆ పాత్ర హక్కులు తమకు దక్కవేమోనని మార్వెల్ సంస్థ భయపడి, ముందుగానే హడావిడిగా ఈ పాత్రను అచ్చు వేసినది. స్టాన్ లీ వ్రాసినది మొదటి సంచిక మాత్రమే. మిగిలిన 24 సంచికలు డేవిడ్ ఆంథొనీ క్రాఫ్ట్ వ్రాసినాడు. అనగా హక్కుల తగవు నుండి పుట్టిన పాత్ర ఇది. "ఈ ప్రదర్శన ఎవరిది?" అన్న ప్రశ్న ఆమె జాతకంలోనే ఉన్నది.

1989లో జాన్ బర్న్ ఈమెతో కొత్త పత్రికను ప్రారంభించి ఆమెకు ఒక అపూర్వమైన గుణాన్ని ఇచ్చినాడు: తాను చిత్రకథలో ఉన్నానన్న జ్ఞానం. మొదటి సంచిక ముఖచిత్రం మీదనే ఆమె పాఠకుని బెదిరిస్తుంది. తన పుస్తకం కొనకపోతే ఇంటికి వచ్చి మీ ఇతర పుస్తకాలు చించివేస్తానంటుంది. కథ నచ్చనప్పుడు బర్న్‌తోనే పోట్లాడుతుంది. ఒకచోట కాగితాన్ని చీల్చుకొని, ప్రకటనల పేజీలను అడ్డంగా దాటి కథలో ముందుకు పోతుంది. ఆమెకు తోడుగా ఉండే లూయీస్ మేసన్ మరీ విచిత్రమైన వ్యక్తి. 1940లనాటి చిత్రకథలలో నాయిక అయిన ఆమె, పత్రిక ఆగిపోవడంతో అందరివలెనే ముసలిదైపోయినది. కథలో ఉన్నవారికి వయస్సు రాదని కనిపెట్టి మళ్లీ కథలోకి దూరినది. (ఇంతటి ఊహ చేసిన రచయితను అల్పంగా చూడలేము.) పత్రిక 1994 వరకు 60 సంచికలు నడిచినది. ఇప్పుడు ఈ తరహా వేళాకోళానికి ప్రసిద్ధుడైన డెడ్‌పూల్ పుట్టినది 1991లో; ఈ విద్యలో షీ-హల్క్ అతనికి అక్కగారు. పట్టికలో ఒక గడి నుండి మరొక గడిలోకి దూకిన జెన్నిఫర్ పూర్వం ప్రకటనల పేజీలు దాటిన ఆమెయేనని అభిమానులు చెబుతున్నారు. ఆ మాట నిజం.

వ్యతిరేకించేవారు అనేక విధాల వారు. వారిలో కొందరు ధారావాహికను చూడకముందే ద్వేషించినవారు; వారి మాట ఇక్కడ అనవసరం. అటువంటి వారినే రచయిత్రి ముఠా రూపంలో కథలోకి ముందుగా తెచ్చి పెట్టినది గనుక, వారు తిట్టిన ప్రతి తిట్టూ కథకే బలం చేకూర్చినది. అయితే ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. సద్బుద్ధితో లోపం చూపినవాడు కూడా టాడ్ పక్షం వాడని అనిపించుకొనే ప్రమాదం ఏర్పడినది. విమర్శకు ముందే కట్టుకొన్న ఇటువంటి కోట మాకు అంతగా రుచించదు.

గట్టిగా ఆలోచించిన ప్రత్యర్థులు అడిగినది వేరు. ఎనిమిది భాగాలుగా ముడివేసిన కథను విప్పే బాధ్యత కథకు లేదా? యంత్రం వచ్చి విప్పితే అది విప్పినట్లా, తెంచినట్లా? ఈ ప్రశ్న అరిస్టాటిల్ అడిగినదే. ముడి విప్పడం కథలో నుండే రావలెగాని, "మీడియా" నాటకంలోవలె యంత్రం మీద నుండి దిగి రారాదని ఆయన కావ్యశాస్త్రంలో చెప్పినాడు. గ్రీకు రంగస్థలంలో దేవతలను దింపడానికి వాడే ఎత్తుడు యంత్రం నుండే "యంత్రదేవత" అన్న మాట పుట్టినది. జెస్సికా గావ్ ఆ మాటను అక్షరాలా తీసుకొని, దేవతనే యంత్రంగా చేసి చూపినది. ముగింపును పలుమార్లు తిరగవ్రాసినానని ఆమె చెప్పినది కూడా. అనగా ఇది తెలియక చేసిన తప్పు కాదు. తెలిసి చేసిన వేళాకోళం. అయినా తప్పును వేళాకోళం చేసినంత మాత్రాన అది ఒప్పు అవుతుందా అన్నది మిగిలే ఉన్నది.

ఇక్కడ మాకు భవభూతి జ్ఞాపకం వస్తాడు. ఉత్తరరామచరితం ఏడవ అంకంలో, గంగాతీరాన వాల్మీకి రచించిన నాటకాన్ని అప్సరసలు ప్రదర్శిస్తూ ఉండగా రాముడు ప్రేక్షకుడుగా కూర్చుంటాడు. చూపుతున్నది తాను విడిచిపెట్టిన సీత కథ. రాముడు తట్టుకొనలేక కేకవేస్తాడు. ఇది నాటకమని లక్ష్మణుడు గుర్తు చేయవలసి వస్తుంది. చివరకు నాటకానికీ జీవితానికీ మధ్య హద్దు కరగిపోయి, నిజమైన సీతయే వచ్చి రాముని చేరుతుంది. రామాయణంలో భూమిలో కలిసిపోయిన నాయికను భవభూతి తిరిగి ఇచ్చినాడు. ఆయన కూడా ముగింపును మార్చినవాడే. ఆయన కూడా నాటకపు చట్రాన్ని బద్దలు కొట్టియే మార్చినాడు. అయినా ఎవరూ ఆయనను తప్పుకొన్నాడనరు. ఎందువలన? ఆరు అంకాల శోకం అంతా ఆ ఏడవ అంకంలోకి ప్రవహించినది గనుక. చట్రం బద్దలైన చప్పుడు మనకు వినబడదు. రాముని ఏడుపే వినబడుతుంది.

ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే జెన్నిఫర్ కథలో లోపం ఎక్కడున్నదో తెలుస్తుంది. ఆమె గోడ దాటడం లోపం కాదు. తిరిగి వచ్చిన తరువాత జరిగినదే లోపం. యంత్రంతో ఆమె చెప్పిన మాట, తన జీవితం కూలిపోవడమే అసలు సంకటమన్న మాట, న్యాయమైనది. కాని ఆ సంకటానికి కథలో తరువాత ఒక్క దృశ్యమైనా దక్కలేదు. టాడ్ అరెస్టు, డేర్‌డెవిల్ రాక, ఇంటి పెరటిలో విందు, అక్కడికి అన్నగారు తన కుమారుని వెంటబెట్టుకొని రావడం, అన్నీ పరుగు మీద జరిగిపోతాయి. మా తరగతిలో సాధారణంగా మాట్లాడని ఒక విద్యార్థిని ఆ రోజు అన్న మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేము. తాను ముగింపు చూచి బాగా నవ్వినానని, కాని సభలో అందరి ఎదుట తెర మీద తన దృశ్యాలు చూడవలసి వచ్చిన ఆ స్త్రీ ఆ రాత్రి ఎలా గడిపినదో ఎవరూ చెప్పలేదని ఆమె అన్నది. తరగతిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ వివాదం గురించి మేము విన్న విమర్శలన్నిటిలో అది మేలైనది.

ఉర్దూ విభాగంలోని మిత్రులతో ఈ విషయం ముచ్చటించినప్పుడు వారు తిలిస్మె హోష్‌రుబాను తలచినారు. 1883 నుండి లక్నోలోని నవల్‌కిశోర్ ముద్రణాలయం ప్రకటించిన ఆ మహా దాస్తాన్‌లో మాంత్రికులు కట్టిన మాయాలోకమే తిలిస్మ్. దానిని భేదించడానికి పుట్టిన వీరునికి "లౌహ్" అనే పలక దొరకవలె. ఏ ద్వారం వద్ద ఏమి చేయవలెనో ఆ పలక మీద వ్రాసి ఉంటుంది. మాయ లోపల ఉన్నవాడు మాయను కట్టిన పథకాన్ని చదవగలగడమే విజయ రహస్యం. రచయితల గదిలోకి పోయిన జెన్నిఫర్ వెదకినది లౌహ్‌నేనని మిత్రులు అన్నారు. మన పింగళి సూరన కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే లోకంలో నిజంగా జరగడం కూడా ఈ కోవకు చేర్చదగినదే. కాని ఒక భేదం. పలక చదివిన తిలిస్మ్ వీరుడు మాయాలోకాన్ని కూల్చివేస్తాడు. జెన్నిఫర్ కొద్దిపాటి మార్పులు చేయించుకొని వెనుకకు వచ్చింది. తిలిస్మ్ చెక్కుచెదరలేదు.

ఈ భేదంలోనే మాకు ప్రధానమని తోచే విషయం ఉన్నది. బర్న్ నాయిక పోట్లాడినది తన బొమ్మ గీసే మనిషితో. అది పాత్రకూ కర్తకూ మధ్య తగవు. ఇద్దరూ ఒకే కాగితం మీద ఉన్నారు. 2022 నాటి నాయిక రచయితల వద్దకు పోతే వారు చేతులెత్తేసినారు. కర్తలకే కర్తృత్వం లేదు. పైన ఉన్నది లెక్కలు కట్టే యంత్రం. దానికి యజమాని పేరు. తన సూత్రబద్ధమైన కథలను తానే ఎగతాళి చేసుకొనడానికి ఆ సంస్థ అనుమతించినది, డబ్బు కూడా పెట్టినది. అనుమతి పొందిన ధిక్కారం ఎంతవరకు ధిక్కారమన్నది అభిమానులు తేల్చుకొనలేకపోయినారు. కొందరు దానిని ధైర్యమన్నారు, కొందరు దొర ముందు విదూషకుని చనువు అన్నారు. విదూషకుని మేము తక్కువ చేయము. రాజు అన్నం తింటూ రాజును వెక్కిరించిన వాడాయన. అయితే విదూషకుని మాటతో రాజ్యం మారిన నాటకం ఒక్కటి కూడా మా చదువులో తగలలేదు.

ఆ సన్నివేశంలోని ఒక చిన్న హాస్యం మమ్ములను ఇప్పటికీ వెంటాడుతున్నది. పచ్చని రూపానికి ఖర్చు ఎక్కువగా అవుతున్నదని, మామూలు రూపానికి రమ్మని యంత్రం జెన్నిఫర్‌ను అడుగుతుంది. దృశ్యమాయా నిపుణులు వేరొక చిత్రం పనికి వెళ్లిపోయినారు గనుక ఆ మార్పు కెమెరాకు కనబడకుండా చేసుకొమ్మంటుంది. ప్రేక్షకులు నవ్వినారు. ఆ సంవత్సరమే ఆ నిపుణులు తమపై పడుతున్న పని భారాన్ని గురించి బహిరంగంగా మొర పెట్టుకొన్నారు. మరుసటి ఏడు, 2023 సెప్టెంబరులో, మార్వెల్ స్టూడియోస్‌లోని దృశ్యమాయా కార్మికులు సంఘంగా ఏర్పడడానికి ఏకగ్రీవంగా ఓటు వేసినారు. గదిలోకి నడిచిపోయి యంత్రాన్ని నిలదీసిన నాయిక వారి సంగతి అడగలేదు. 2024 జనవరిలో మస్లానీ, రెండవ ధారావాహిక రావడం అనుమానమేనని, ఖర్చు మితిమీరినదని సరదాగా చెప్పినది.